ఈశాన్యం ఇంటికి మూడో అమ్మకందారు

సిద్దిపేటలో మేము కొన్న ఇల్లు మాకంటే ముందు చాలామంది చూసి వదిలేసిన ఇల్లు. గోడలు గట్టివి. బోరులో నీళ్లు ఎండాకాలంలోనూ అందుతాయి. వెనక ఒక సీతాఫలం చెట్టుంది. ఇన్ని ఉన్నా దాన్ని ఎవరూ కొనలేదు, ఎందుకంటే మరుగుదొడ్డి ఈశాన్యంలో ఉంది. కట్టించిన పెద్దమనిషి జాగ ఎక్కడ మిగిలితే అక్కడ కట్టించాడు. ఆ ఇంట్లోనే పిల్లల్ని పెంచాడు, వాళ్ల పెళ్లిళ్లు చేశాడు, చివరికి కొడుకుల చేతుల్లో నిమ్మళంగా కన్నుమూశాడు. వాస్తు చెప్పేవాళ్లకైనా అంతకంటే మంచి జీవితం దొరుకుతుందా అని నా అనుమానం. కానీ ఇల్లు చూడవచ్చినవాళ్లు హాలు మెచ్చుకొని, వంటిల్లు మెచ్చుకొని, పెరట్లోకి రాగానే ఫోన్ తీసి అందులో దిక్కులు చూసుకొని, మొహం ముడుచుకొని వెళ్లిపోయేవారట.

నాకు మాత్రం ఆ దొడ్డి చూడగానే ప్రాణం లేచివచ్చింది. మూఢనమ్మకం వల్ల ధర తగ్గిన ఇంటిని హేతువాది కొనకపోతే ఇంకెవరు కొంటారు? ఇన్నేళ్లు వేదికలెక్కి వాస్తును తిట్టినందుకు వాస్తు నాకిచ్చిన బహుమానం అది.

"ఒక్కసారి ఆలోచించు," అన్నాడు మా ఆయన. ఆయన ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరైన మనిషి. దేవుణ్ని నమ్ముతాడు, నన్ను భరిస్తాడు. రెండింటికీ ఒకే ఓపిక వాడతాడు.

"ఆలోచించిన."

"ఈశాన్యంల ఈశ్వరుడు ఉంటడంటరు."

"ఉండనియ్యి. తలుపు కొట్టి పోదాం."

ఆయన నవ్వకూడదనుకుంటూనే నవ్వాడు. బేరం అక్కడే కుదిరిందని నాకర్థమైంది.

మా తొందరకు కారణముంది. మేము ఎప్పుడూ కిరాయి ఇళ్లలోనే ఉన్నాం, ఆ ఇళ్లు పోవడానికి కారణం సాధారణంగా నేనే. ఒక ఇంటాయన గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టి వెళ్తే నేను దాన్ని దించి పులుసు పెట్టాను. పులుసు బాగా వచ్చింది, ఇల్లు పోయింది. ఇప్పుడున్న ఇంటాయన మంచివాడే కానీ ఆయన బిడ్డ సంసారంతో సహా ఊరికి తిరిగి వస్తోంది. నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. ఈ వయసులో మళ్లీ పుస్తకాల మూటలు ఆటోకెక్కించే శక్తి మా ఇద్దరికీ లేదు. ఈ ఇల్లు చేజారితే మేము రోడ్డు మీదే.

అమ్మేవాళ్లు అన్నదమ్ములు. అన్నకు బజారులో స్టీలు సామాన్ల దుకాణం. తమ్ముడు ప్రజ్ఞాపూర్‌లో ఒక హోటల్లో పనిచేస్తాడు. ఏది అడిగినా "అన్న ఎట్లంటే అట్ల" అనడమే ఆయన అభిప్రాయం. బయానా ఇచ్చి, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ఉన్న డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి అందరం వెళ్లాం. ఆయన తెల్లగడ్డం పెద్దమనిషి. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు, కోపమొస్తే రెండూ. పాత దస్తావేజు చూశాడు, ఇంటి మీద అప్పులేమీ లేవని చెప్పే ఈసీ చూశాడు, తండ్రి పోయాక తీసుకున్న వారసుల సర్టిఫికెట్ చూశాడు. అందులో మూడు పేర్లున్నాయి.

"ఈ మూడో పేరు?"

"మా చెల్లె. మద్దూరుకిచ్చినం. మిషన్ కుడ్తది," అన్నాడు అన్న. "రిజిస్ట్రేషన్ నాడు వచ్చి సంతకం పెడ్తది. గా దినమే ఒడిబియ్యం గూడ పోస్తం."

ఒడిబియ్యం అంటే తెలంగాణలో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, కొత్త చీర కట్టించి, ఒడిలో పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు, ఖర్జూరాలు పోసి పంపే ముచ్చట. అందులో ఉండే ప్రేమతో నాకు తగాదా లేదు. నా తగాదా ఆ ముచ్చటను రిజిస్ట్రేషన్ తేదీకి ముడిపెట్టడంతో. మా జిల్లాలో ఇది ఎంత మామూలైపోయిందంటే, అన్నదమ్ములు ఉన్నట్టుండి ఫోన్ చేసి "చెల్లే, ఒడిబియ్యం పోస్తం రా" అంటే, ఆ చెల్లె భర్త "ఏం అమ్ముతున్రట?" అని అడుగుతాడు.

రాతలో ఆమెను ఎలా చూపిస్తారని అడిగాను.

"సమ్మతి సాక్షి," అన్నాడు డాక్యుమెంట్ రైటర్. "అన్నదమ్ములు అమ్మిన్రు, నాకు ఒప్పుదలే అని కింద సంతకం పెడ్తది. అందరియి గట్లనే రాస్తం మేడం."

తండ్రి స్వయంగా సంపాదించిన ఇల్లు. వీలునామా లేదు. అలాంటప్పుడు కొడుకుకెంతో కూతురికీ అంతేనని చట్టం తడబడకుండా చెబుతోంది. అంటే ఆ ఇంటికి ముగ్గురు యజమానులు. అందులో ఒక యజమాని తన ఇల్లు తానమ్ముతుంటే పక్కన నిలబడి చూసినట్టు రాస్తారు! ఒక మనిషి తన పెళ్లికి తానే సాక్షి సంతకం పెట్టడం ఎక్కడైనా ఉందా?

"చెల్లె ఫోన్ నంబర్ ఇయ్యి బిడ్డా, మాట్లాడుత," అన్నాను అన్నతో.

"వస్తది గద మేడం, అప్పుడే మాట్లాడుర్రి," అని ఆయన తప్పించుకున్నాడు. మళ్లీ అడిగితే ఫోన్ చార్జింగ్ లేదన్నాడు.

వాళ్లూ మా ఆయనా కలిసి పంచాంగం చూసి మంచి రోజు కుదుర్చుకున్నారు, ఆ రోజుకే స్లాట్ బుక్ చేశారు. నేను పంచాంగం విషయంలో గొడవ చేయలేదు. నా గొడవంతా ఒక్క ప్రశ్న కోసం దాచుకున్నాను.

ఆ రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసు జాతరలా ఉంది. మంచి రోజు కదా, జిల్లాలో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ అందరూ అక్కడే ఉన్నారు. అన్నదమ్ముల చెల్లెలు ఆటో దిగింది. గిలకలంచు కొత్త చీర, నుదుట పెద్ద బొట్టు, నడుముకు చెక్కిన కొంగులో ఒడిబియ్యం. బియ్యం జారకుండా ఒక చేత్తో ఒడి పట్టుకొని, రెండో చేత్తో ఆధార్ కార్డు పట్టుకొని వచ్చి డాక్యుమెంట్ రైటర్ బల్ల ముందు కూర్చుంది. వెనకాలే ఆమె వదిన, అంటే అన్న భార్య, కాపలా ఉన్నట్టు నిలబడింది.

నేను అడిగాను. "అమ్మా, ఈ ఇంట్ల నీకు గూడ వాటా ఉన్నది. నువ్వు సాక్షిగ సంతకం పెడుతున్నవని తెలుసా? నీ ఇష్టంతోనే పెడుతున్నవా?"

మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కాడు.

ఆమె నన్ను తేరిపార చూసింది. "మేడం, మీరు మద్దూరు మహిళా సంఘంల ఆడబిడ్డల హక్కుల మీద మాట్లాడిన మేడమే గద?"

"అవును."

"వెనుక వరుసల కూసున్న. ఆఖరికి మీరు ఎవరికన్న సందేహాలున్నయా అని అడిగిన్రు. అప్పుడు నాకు లేకుండె. ఇప్పుడున్నది." ఆమె అన్న వైపు తిరిగింది. "నా ఇల్లు నేను అమ్మేటప్పుడు నేను సాక్షినెట్లైత అన్నా?"

చుట్టుపక్కల బల్లల దగ్గర సంతకాలు పెడుతున్నవాళ్లు కూడా కలాలు ఆపారు.

"ఏం మాట్లాడుతున్నవు?" అన్నాడు అన్న. "పొద్దుగాల్నే ఒడిబియ్యం పోస్తిమి, చీర పెడ్తిమి."

"పెట్టిన్రు. చీర మంచిగున్నది. నన్ను గూడ అమ్మేటోళ్లల్ల రాయి. నా ఫోటో, నా వేలిముద్ర మీతోటి సమానంగ ఉండాలె. నా వంతు నా పేరు మీదనే రావాలె."

"నీ పెండ్లికి పెట్టలేదా?"

"మీ పెండ్లిళ్లు ఉత్తగనే అయినయా?"

ఆమె చెయ్యి ఊపిన ఊపుకు ఒడిలోంచి నాలుగు గింజలు జారి రాసిపెట్టిన దస్తావేజు మీద పడ్డాయి. డాక్యుమెంట్ రైటర్ వాటిని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు.

"గిదంతా ఎవరు నేర్పిన్రో కనబడుతనే ఉన్నది," అని వదిన నా వైపు చూసింది. "ఆడిబిడ్డలు గిట్ల మొదలుపెడితే రేపు అన్నదమ్ముల గడప ఎక్కుడుంటదా?"

"ఎందుకుండదు వదినా?" అంది చెల్లెలు. "నా జాగ నేనడుగుతున్న. మీ గడప మీకే ఉంటది."

తమ్ముణ్ని అడిగారు. ఆయన అన్న ముఖమూ చెల్లె ముఖమూ మార్చి మార్చి చూసి, "అన్న ఎట్లంటే..." అని మొదలుపెట్టి, ఎందుకో ఆపేశాడు.

స్లాట్ వేళ దాటిపోయింది. అన్న లేచి, బయానా తిరిగిచ్చేస్తానని, ఈ ఇల్లు మాకు అమ్మేది లేదని చెప్పి వెళ్లిపోయాడు. చెల్లెలు కళ్లు తుడుచుకోలేదు, తలవంచలేదు. ఒడి సర్దుకొని మద్దూరు బస్సు కోసం నడిచింది. డాక్యుమెంట్ రైటర్ కళ్లద్దాలు తీసి తుడుస్తూ అన్నాడు, "అరె మేడం, గా ఒక్క సవాల్ అడగకపోతే ఈపాటికి అందరం ఛాయ్ తాగుతుంటిమి."

ఇంటికి వచ్చాక మా ఆయన మజ్జిగ కలిపి నా ముందు పెట్టి, "నీ ఉపన్యాసాలు ఊర్లు తిరుగుతుంటే మంచిగనే ఉండె," అన్నాడు. "ఇప్పుడు మనింటికే వచ్చినయి."

"తప్పు మాట్లాడిననా?"

"తప్పని నేనన్ననా? నెలాఖరుకు ఎక్కడుంటమని అడుగుతున్న."

ఒక సిద్ధాంతం పరాయివాళ్ల ఇంట్లో అమలైతే చప్పట్లు కొడతాం. అదే సిద్ధాంతం మన నెత్తి మీది కప్పును ఎగరగొడితే అప్పుడు దాని బరువు తెలుస్తుంది. ఆమె సాక్షిగా సంతకం పెట్టి వెళ్లిపోతే నాకు ఇల్లు దక్కేది, చట్టం దృష్టిలో అది చెల్లిపోయేది కూడా. నేను రాత్రింబగళ్లు ఖండించే పద్ధతి నాకే ఇంత సుఖంగా ఉపయోగపడేదని తెలిసి నాకు నా మీదే ఒళ్లు మండింది. ఆ మంటతోనే మర్నాడు బజారుకు నడిచాను.

దుకాణంలో పెళ్లి సామాన్ల బేరం జరుగుతోంది. అన్న బిందెలు దించుతున్నాడు. గల్లాపెట్టె దగ్గర భార్య కూర్చొని ఉంది. నన్ను చూడగానే ఒక బిందెను కావలసిన దానికంటే గట్టిగా కింద పెట్టింది.

"మేడం, మీకు ఇల్లు కావాల్నా, ఉపన్యాసం కావాల్నా?" అన్నాడు అన్న.

"రెండు కావాలె."

బేరానికి వచ్చిన ముసలమ్మ కిసుక్కుమని నవ్వింది. అన్నకు కూడా నవ్వు వచ్చినట్టే ఉంది కానీ మింగేశాడు.

"మాకు ఇంకో బేరం వస్తది," అన్నాడు.

"ఎవరొస్తరు? నాకు చెప్పు. ఇన్ని దినాల సంది ఎంతమంది వచ్చిన్రు, ఎంతమంది పెరట్ల నిలబడి ఫోన్ల దిక్కులు చూసి పోయిన్రు?"

ఆయన చేతిలోని బిందె అంచు తుడవసాగాడు.

"ఈశాన్యంల దొడ్డి ఉన్న ఇల్లు నా అసొంటిది తప్ప ఎవరు కొనరు బిడ్డా. నా అసొంటిది వచ్చిందంటే ఆడబిడ్డ వాటా గూడ అడుగుతది. రెండు కలిసే వస్తయి. దొడ్డి వరకు నన్ను ఒప్పుకొని, వాటా దగ్గర వద్దంటే ఎట్ల?"

ముసలమ్మ ఈసారి పైకే నవ్వింది. "మేడం మంచిగ పట్టింది రా నిన్ను," అంది.

అన్న బిందెను పక్కన పెట్టి మోడా మీద కూలబడ్డాడు. అప్పుడు ఆయన గొంతు మారింది. "బాపును హైదరాబాద్ దవాఖానలకు నేను తిప్పిన మేడం. దుకాణం బందుపెట్టి తిప్పిన. అప్పుడు వాటాలు ఎవరు అడగలే."

అది నిజం. ఆయన దొంగ కాదు. తన కళ్ల ముందు అందరూ చేస్తున్నది తానూ చేయబోయిన మామూలు మనిషి. మన సమాజంలో అన్యాయాలు చాలావరకు ఇలాంటి మంచివాళ్లే, మంచి రోజు చూసుకొని మరీ చేస్తారు.

"గా ఖర్చు చెల్లెకు చెప్పు," అన్నాను. "ముందుగల్ల అది తీసేసి మిగిలింది ముగ్గురు పంచుకోర్రి. ఆమె కాదంటదా అడిగి చూడు. ఖర్చు తీసెయ్యి, పేరు మాత్రం తీసెయ్యకు."

ఆయన అక్కడే, నా ముందే ఫోన్ చేశాడు. ఎత్తగానే దవాఖాన ఖర్చు మాట చెప్పాడు. చెల్లెలు ఏమందో వినబడలేదు. అన్న "ఊ" అన్నాడు, "ఊ" అన్నాడు, తర్వాత చెవి దగ్గర్నుంచి ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టాడు.

"...దవాఖాన ఖర్చు తీసెయ్యమని నేనే చెప్పేదాన్ని అన్నా. ఎంతైందో నువ్వు చెప్పందే నాకెట్ల తెలుస్తది? మిషన్ మీద కూసొని నిన్నటి సంది ఒక్క జాకెట్ కుట్టలే. నీ మీదనే మనసున్నది."

"సరే చెల్లే, ముగ్గురి పేర్ల మీదనే రాపిస్త," అన్నాడు అన్న. వదిన మాత్రం, "తియ్యగ మాట్లాడి తీస్కపోతది," అని గల్లాపెట్టెతో అంది.

ఇక మిగిలింది తేదీ. నెలాఖరులోపు దొరికిన ఒకే ఒక స్లాట్ అమావాస్య నాడు. స్లాటు ఖాళీగా ఉన్నదీ అందుకే. అన్న మళ్లీ జంకాడు. "అమాస నాడు ఇల్లు అమ్ముతరా ఎవరన్న?" అని చెల్లెలికి ఫోన్ చేశాడు, ఆమె వద్దంటుందన్న ఆశతో.

"మంచి రోజులల్ల నన్ను ఎవరు లెక్కపెట్టలే అన్నా," అంది ఆమె. "అమాసనే పెట్టు."

మా ఆయన మాత్రం బుద్ధిగా వెళ్లి గుళ్లో ఒక టెంకాయ కొట్టి వచ్చాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆయన పులిహోర తెచ్చాడు కాబట్టి తిన్నాను కూడా.

అమావాస్య నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎంత హాయిగా ఉంటుందో అందరూ ఒకసారి చూడాలి. వరుస లేదు, తోపులాట లేదు, ఫ్యాను కింద కుర్చీ దొరికింది. సర్వర్ కూడా ఆగకుండా నడిచింది. తిథి వార నక్షత్రాల పట్ల యంత్రానికి ఏ పట్టింపూ లేదు. డాక్యుమెంట్ రైటర్ కొత్త దస్తావేజు చదివి వినిపించాడు. అమ్మకందారులు ముగ్గురు. ఒకటి, రెండు, మూడు. మూడో పేరు చదివేటప్పుడు గొంతు సవరించుకొని కొంచెం గట్టిగా చదివాడు. ఎవరికి ఎంత ముట్టిందో, ఏ బ్యాంకు చెక్కు ఎవరి పేరు మీదుందో అందులో విడివిడిగా రాసి ఉంది.

లోపల ఒక్కొక్కర్నీ పిలిచి ఫోటో తీసి, వేలిముద్రలు తీసుకున్నారు. అన్న ఫోటోకు మీసం దువ్వుకున్నాడు. తమ్ముడు కళ్లు మూశాడు, మళ్లీ తీశారు. చెల్లెలు ఈసారి రోజూ కట్టుకునే నూలు చీరలోనే వచ్చింది. కెమెరా ముందు కూర్చొని, "నవ్వొచ్చా?" అని అడిగింది.

"నవ్వమ్మా, ఏమైతది," అన్నాడు కంప్యూటర్ ముందున్న ఆపరేటర్.

సబ్ రిజిస్ట్రారు దస్తావేజు తిరగేస్తూ అందరినీ అడిగే మాటే తలెత్తకుండా అడిగాడు. "ఇష్టంతోనే అమ్ముతున్నరా?"

"ఆ సార్," అన్నాడు అన్న.

"ఆ సార్," అన్నాడు తమ్ముడు.

"ఇష్టంతోనే సార్," అంది ఆమె. "నాది అని రాసిన్రు కాబట్టి అమ్ముతున్న. మా బాపు కట్టిన ఇల్లు. మేడం మంచిగ చూసుకుంటరు."

ఆయన అప్పుడు తలెత్తాడు. ఆమెను చూసి, ఫోటో చూసి, చిన్నగా నవ్వి సంతకం చేశాడు. ఆ నవ్వు ముగిసేలోపు ఇల్లు మాదైంది. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చెల్లెలు నవ్వుతున్న ఆ ఫోటో దస్తావేజుతో పాటు ఇప్పుడు మా బీరువాలో ఉంది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అన్న తాళం చెవులు మా ఆయనకిచ్చి, మోటారు స్విచ్ ఎలా పట్టుకుంటే పనిచేస్తుందో చెబుతున్నాడు. చెల్లెలు చెక్కును రెండుసార్లు చదువుకొని జాకెట్లో దాచుకుంది. అంతలో వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పటిదాకా నాతో నేరుగా ఒక్క మంచి మాట మాట్లాడని మనిషి. కొంగు సర్దుకుంది, అటూ ఇటూ చూసింది.

"మేడం, ఒక మాట."

"చెప్పమ్మా."

"దౌల్తాబాద్‌ల మా బాపు జాగ ఉన్నది. రోడ్డుకే ఉన్నది. మా తమ్ముండ్లు అమ్ముతరట. వచ్చి సంతకం పెట్టిపొమ్మని నిన్న ఫోన్ చేసిన్రు." ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "నాది గూడ ఉంటదా మేడం?"

చెల్లెలు పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ ఆమెకు పొలమారింది, తమ్ముడు నీళ్ల సీసా అందించాల్సి వచ్చింది. "నవ్వకు పిల్లా," అంది వదిన, మొహం ఎర్రబడి, కానీ తానూ నవ్వుతూనే.

మోటారు గురించి చెబుతున్న అన్న మధ్యలోనే ఆగి ఇటు తిరిగాడు. "ఎంతైన చట్టమున్నది గద మేడం," అన్నాడు, ఎంతో గంభీరంగా. "ఆడబిడ్డకు రావల్సింది ఆడబిడ్డకు రావాలె."

మా ఆయన తాళం చెవులు గలగలలాడిస్తూ, "నడువు, ఇంటికి పోదాం," అన్నాడు.

నేను అప్పటికే చెప్పులు విడిచి బెంచీ మీద కాళ్లు ముడుచుకొని కూర్చున్నాను. "జాగ మీ బాపు సంపాదించిందేనా? వీలునామా ఏమన్న రాసిండా?" అని మొదలుపెట్టాను.

అన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి మా దగ్గరగా వేసుకున్నాడు. "మెల్లగ చెప్పుర్రి మేడం," అన్నాడు. "నేను గూడ ఇంటున్న."